కృష్ణా డెల్టా పట్టణాల్లో పాత సీసా మూతలు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కాలనిర్ణయ సమస్యలు

ప్రవేశిక

ఈ ప్రాంతపు పురావస్తు చరిత్రలో 1892వ సంవత్సరానికి భట్టిప్రోలు వల్ల ప్రత్యేక స్థానం ఉంది. తెనాలి, రేపల్లె మధ్యనున్న ఆ ఊరి స్తూపాన్ని అలెగ్జాండర్ రీ ఆ ఏడాది తవ్వించగా ధాతుకరండాలు బయటపడ్డాయి. ఆ రాతి కరండాల అంచుల మీద, మూతల మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాలు దక్షిణభారత లిపిచరిత్రకు మూలాధారాలయ్యాయి. అదే ఏడాది అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో విలియం పెయింటర్ అనే యంత్రశిల్పి సీసా మూతికి బిగించే పళ్ళ అంచు లోహపు మూతకు పేటెంటు పొందాడు. ఈ రెండు ఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయితే మొదటి మూతల మీద విస్తృతమైన పరిశోధన జరిగింది. రెండో మూత ఊరూరా నేలలో కలిసిపోయినా చెత్తగానే మిగిలింది.

పాత సంతమైదానాల్లో, రైల్వేస్టేషన్ల పరిసరాల్లో, సముద్రతీరాల్లో మెటల్ డిటెక్టరుకు తరచుగా చిక్కే వస్తువుల్లో సీసా మూతలు ఒకటి. వాటిని గుర్తించగలిగితే స్థలానికి కాలాన్ని నిర్ణయించవచ్చునన్నది సాధారణమైన అంచనా. డెల్టా పట్టణాల విషయంలో ఈ అంచనాను కొంత సవరించుకోవాలి. ఇక్కడ దశాబ్దాల తరబడి అత్యధికంగా వాడిన మూత లోహంతో చేసినది కాదు.

గోలీసోడా: యంత్రానికి వినబడని మూత

ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1870లో పేటెంటు పొంది, తర్వాతి ఏళ్ళలో మెరుగుపరచిన సీసాయే మన గోలీసోడా సీసా. దాని మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపలి గాడిలో ఒక రబ్బరు వాషరు ఉంటాయి. సీసాను తలకిందులు చేసి వాయువు కలిపిన నీటిని నింపితే, లోపలి ఒత్తిడి గోలీని వాషరుకు అదిమిపెడుతుంది. అంటే సోడాయే తన మూతను తాను బిగించుకుంటుంది. తాగేటప్పుడు గోలీ మళ్ళీ మూతికి అడ్డం రాకుండా మెడలో నొక్కులు దాన్ని ఆపుతాయి. బిరడా దిగుమతి, లోహపు మూతలు బిగించే యంత్రం, ఒకసారి వాడిన మూతను పారవేయడం అనే మూడు ఖర్చులూ ఇందులో లేవు. చేతితో తిప్పే యంత్రం ఒకటి, కొన్ని డజన్ల సీసాలు ఉంటే చిన్న ఊళ్ళో కూడా వ్యాపారం సాగేది. పాశ్చాత్య దేశాల్లో ఈ సీసా కనుమరుగైన చాలాకాలానికి కూడా ఇక్కడ నిలవడానికి ఈ పొదుపే కారణం.

1899లో మద్రాసు–విజయవాడ రైలుమార్గం బాపట్ల, తెనాలిల మీదుగా కలిసింది. 1916లో రేపల్లె శాఖామార్గం ఏర్పడింది. స్టేషను, సంత, తిరునాళ్ళు అనే మూడు కూడళ్ళలోనూ సోడాబండికి చోటు ఉండేది. అయినా అక్కడ డిటెక్టరు పట్టుకుని నడిచినవారికి సోడాబండి ఆనవాలు వినిపించదు. గాజుకూ రబ్బరుకూ ఆ యంత్రం స్పందించదు. లోహం ఆధారంగా మాత్రమే ఈ పట్టణాల పానీయ చరిత్ర రాస్తే, అది పెద్ద కంపెనీల చరిత్రగా, మద్యం సీసాల చరిత్రగా మిగులుతుంది. స్థానిక సోడా తయారీదారు అందులోంచి పూర్తిగా జారిపోతాడు. మట్టిని జల్లెడ పట్టడం ఇక్కడ తప్పనిసరి.

విడిగా దొరికిన గోలీ కూడా కొంత సమాచారమిస్తుంది. పాత సీసాలో గోలీ వేసిన తర్వాతనే మూతిని సన్నం చేసేవారు. కనుక సీసా పగిలితే తప్ప గోలీ బయటికి రాదు. ఆ గోలీ దొరికినచోటనే సీసా పగిలిందని మాత్రం చెప్పలేం. పిల్లల జేబుల్లో అది ఎంత దూరమైనా ప్రయాణించి ఉండవచ్చు. ఆటగోలీల లోపల రంగుచారలు సాధారణం. సోడాగోలీ ఒకే రంగు గాజు. నొక్కులున్న మెడముక్క తోడుగా దొరికితే సందేహం తీరుతుంది. ఉబ్బెత్తు అక్షరాలున్న పెంకు దొరికితే యజమాని పేరో ఊరి పేరో తెలిసే అవకాశం ఉంది.

లోహపు మూతల సాక్ష్యం

పెయింటర్ తొలి మూతకు 24 పళ్ళు. తర్వాత ప్రమాణంగా స్థిరపడినది 21 పళ్ళ మూత. లోపలి పొర మొదట బెరడు బిళ్ళ, ఆ తర్వాత ప్లాస్టిక్కు. తుప్పుపట్టి అక్షరాలు చెరిగినా పళ్ళు లెక్కపెట్టవచ్చు, పొర జాడ చూడవచ్చు. అక్షరాలు మిగిలితే ఇంకా మేలు. కోకాకోలా 1977లో దేశం విడిచి 1993లో తిరిగి వచ్చింది. కనుక ఆ పేరున్న మూత మధ్యకాలానిది కావడం అరుదు. థమ్సప్ మూత 1977కు ముందుది కాజాలదు. అల్యూమినియం మరమూత తెరిచినప్పుడు సీసా మెడకు ఒక వలయం మిగిలిపోతుంది. విడిగా దొరికే ఆ వలయాన్ని ఆభరణపు తునకగా పొరబడే ప్రమాదముంది.

నేల, ఉప్పెన, చట్టం

ఎంత లోతున దొరికితే అంత పాతదన్న సూత్రం తెనాలి పరిసరాల నల్లరేగడిలో నిలవదు. వేసవిలో నేల నెర్రెలిస్తుంది. నిన్నటి మూత పగులులోకి జారి, వానలకు నేల ఉబ్బి మూసుకోగానే లోతైన పొరలో చేరిపోతుంది. బాపట్ల దగ్గరి సూర్యలంక ఇసుకలో ఉప్పుగాలి ఇనుప మూతను త్వరగా తినేస్తుంది, అల్యూమినియం మాత్రం నిలుస్తుంది. అక్కడ దొరికిన వస్తువుల్లో అల్యూమినియం ఎక్కువగా ఉన్నంతమాత్రాన వాడకం కూడా అలాగే ఉండేదని అనుకోరాదు.

రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నం తీరంలో మరో చిక్కు ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వస్తువులను వాటి చోటినుంచి కదిలించింది. కాని అదే ఉప్పెన ఇసుకమేటను ఒకచోట కచ్చితంగా గుర్తించగలిగితే, దాని కిందా పైనా దొరికే మూతల పేర్లను పోల్చి చూడవచ్చు. కోకాకోలా నిష్క్రమణ, ఉప్పెన ఒకే ఏడాది జరగడం వల్ల ఈ తీరంలో ఆ పోలికకు అసాధారణమైన విలువ ఉంది.

భట్టిప్రోలు వంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం. 1878 నాటి నిధినిక్షేప చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 పురావస్తు చట్టానికి వందేళ్ళ వయస్సు ప్రధాన గీటురాయి. రేపల్లెకు తొలి రైలు వచ్చిననాటి సోడాసీసా ఇప్పటికే ఆ గీత దాటింది. దాని పక్కనే దొరికే అరవై ఏళ్ళ ఇనుప మూత ఇంకా దాటలేదు. దాన్ని పాతసామాన్ల దుకాణానికి తూకానికి వేయకుండా ఆపే నిబంధన ఆ చట్టంలో లేదు. అందువల్ల దొరికిన స్థలం, లోతు, పళ్ళ సంఖ్య, లోపలి పొర, తోడుగా ఉన్న గాజుపెంకులు అనే వివరాలను అక్కడికక్కడే నమోదు చేయవలసిన బాధ్యత స్థానిక కళాశాలల చరిత్రశాఖలదే.