ఉన్నత శ్రేణి డెస్క్‌టాప్ కంప్యూటరు

ఉన్నత శ్రేణి డెస్క్‌టాప్ కంప్యూటరు అనగా సాధారణ గృహ, కార్యాలయ అవసరాలను మించిన సామర్థ్యం గల వ్యక్తిగత కంప్యూటరు. వృత్తిపరమైన పనుల కొరకు రూపొందించిన వాటిని వర్క్‌స్టేషన్లు అంటారు. వేగం వీటి ప్రధాన ఆకర్షణ. అయితే భాగాలను విడివిడిగా మార్చుకొనే సౌలభ్యమే యజమానికి చిరకాలం ఉపకరిస్తుంది.

విస్తరణ సౌలభ్యం

1981లో వెలువడిన ఐబీఎం పీసీలోనే అదనపు కార్డులు అమర్చుకొనేందుకు ఐదు స్లాట్లు ఉండేవి. నేటి డెస్క్‌టాపులలోనూ మదర్‌బోర్డు అనుమతించిన మేరకు ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డులను పెంచుకొనవచ్చును. ఒక భాగం చెడినంత మాత్రాన యంత్రమంతా వ్యర్థం కాదు.

ఉపయోగాలు

త్రిమితీయ చిత్రణ, వీడియో కూర్పు, భవన నమూనాలు, ఆటలు ముఖ్యమైనవి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషపు గ్రాఫిక్స్ దృశ్యానికి 1,440 ఫ్రేములు సిద్ధం చేయాలి. ఈగ (2012) చిత్రంలోని ఇటువంటి కృషికి హైదరాబాదుకు చెందిన మకుట వీఎఫ్‌ఎక్స్ సంస్థ జాతీయ పురస్కారం పొందింది.

వేడిమి, దుమ్ము, విద్యుత్తు

నాపరాళ్ళకు పేరొందిన బేతంచెర్ల (నంద్యాల జిల్లా, 2022 వరకు కర్నూలు జిల్లా) వంటి రాయలసీమ పట్టణాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేదు. దుమ్ము పేరుకొన్నచో వేడి బయటకు పోక, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగం తగ్గించుకొంటుంది. అప్పుడు వెచ్చించిన సొమ్ముకు ఫలితం దక్కదు. పెట్టె విశాలంగా ఉన్నందున పెద్ద ఫ్యానులు నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరుగుతాయి. మూత తెరచి శుభ్రపరచుటా సులభమే. ల్యాప్‌టాపువలె బ్యాటరీ లేదు కనుక, యంత్రం వాడే వాట్లకు మించిన సామర్థ్యం గల యూపీఎస్ అవసరం.