కుదువ పెట్టలేని నగ

మా రామకుప్పం వైపు నగ అంటే బంగారమే. కాళ్లకు వెండి, మెడకు బంగారం. మిగిలినవన్నీ పూసలు. ముత్యం కూడా ఆ లెక్కలో పూసే. వాన లేక బోర్లు ఎండినా, పట్టుగూళ్లకు రేటు పడిపోయినా, బెంగుళూరులో చదివే కొడుక్కి ఫీజు కట్టాలన్నా, ఇంటి ఆడమనిషి మెడలోని గొలుసు కుప్పానికో వి.కోటకో ప్రయాణం కడుతుంది. దాన్ని కుదువ పెట్టడం అంటాం. కొన్ని గొలుసులు తిరిగొస్తాయి. కొన్ని కాగితం చీటీలుగా మారి ట్రంకుపెట్టెలో మిగిలిపోతాయి. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, అది భర్త చేతిలోనో అత్తమామల చేతిలోనో ఉన్నంత మాత్రాన వాళ్లదైపోదని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద కేసు పెట్టవచ్చని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది గానీ, "బోరు ఎయ్యాల, గొలుసియ్యి" అని మొగుడు చెయ్యి చాచినప్పుడు తీర్పు చదివి వినిపించే ధైర్యం ఎంతమందికుంది?

కుదువ కొట్టులో ఇంకో సంగతి ఉంది. ముత్యాలూ పగడాలూ కూర్చిన హారం తీసుకుపోతే పూసల బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. ముత్యాలకు రూపాయి రాదు. తిరిగి అమ్మబోయినా కొన్న రేటు దరిదాపుల్లోకి రాదు. అందుకే మా పెద్దవాళ్లు ముత్యాల మీద డబ్బు పెట్టడం దండగ అంటారు. ఆ "దండగ" అన్న మాట దగ్గరే నాకు ముత్యం మీద ఆసక్తి పుట్టింది. మొగుడు అడగని, షావుకారు పట్టుకోని నగ ఒకటి ఆడవాళ్ల మెడలోకి ఎలా వచ్చింది? ముత్యం ఎప్పుడూ ఇంత చవక కాదు కదా!

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం విదేశీ వర్తకులకు భరోసా ఇస్తూ సరుకుల మీద సుంకాలు రాసింది. గంధం, కర్పూరం, ఏనుగుదంతం, పట్టు, మిరియాలతో పాటు ముత్యాలు కూడా అందులో ఉన్నాయి. ఆ శతాబ్దం చివర మార్కోపోలో మనకు దక్షిణాన ఉన్న మాబారు తీరంలో ముత్యాల వేటను చూసి రాశాడు. సముద్రంలోకి దిగేది కూలివాళ్లు. దొరికినదాంట్లో పదోవంతు రాజుది. చేపలు కరవకుండా మంత్రం వేసే బ్రాహ్మణులకు ఇరవయ్యోవంతు. పెద్ద ముత్యం రాజ్యం దాటి పోకూడదు. ఆ రాజు ఒంటిమీద మొలకు చుట్టిన గుడ్డ తప్ప చొక్కా లేదు, మెడలో మాత్రం నూటనాలుగు ముత్యాలూ కెంపులూ గుచ్చిన జపమాల! సాదా బట్టల మీద ముత్యాలు వేసుకోవడం నిన్న మొన్నటి ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఈ రాజుగారిని చూపించాలనిపిస్తుంది.

ముత్యం మొదట్లో ఆడవాళ్ల నగ కాదన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. అది అధికారం ఉన్నవాళ్ల నగ. మొగల్ పాదుషాలు, నిజాములు వరసలు వరసలుగా ముత్యాలతో బొమ్మలు గీయించుకున్నారు. ఆడవాళ్ల మెడలో ఉన్నప్పుడు కూడా అది మగవాడి సంపదకు కొయ్యే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఊరేగింపులో అంతఃపుర స్త్రీలను చూశాడు. బంగారం, రత్నాలు, ముత్యాల బరువుకు వాళ్లు అడుగు వెయ్యలేకపోతే పక్కన ఆడవాళ్లు చేతులు పట్టుకుని నడిపించారట. అది చదివినప్పుడు అందరూ విజయనగర వైభవం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ పక్కన పట్టుకుని నడిచిన ఆడవాళ్ల మెడల్లో ఏముందో చూడాలనిపిస్తుంది.

నిజాం నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఉంది, సత్‌లడా అంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం ట్రస్టుల నుంచి 173 నగలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు అదీ వచ్చింది. వాటిని ప్రదర్శనకు పెట్టిన రోజులు తప్ప అవన్నీ ఖజానాలోనే. ముత్యానికి ఖజానా మంచిది కాదు. అది రాయి కాదు, ఒక ప్రాణి ఒంట్లో పొర మీద పొరగా పెరిగిన సున్నపు పదార్థం. గాలిలో తేమ లేకపోతే పొడిబారి నెరియలు విచ్చుతుంది. చెమట పట్టినా పాడవుతుంది, తుడవకుండా వదిలేస్తే. కానీ ఒంటిమీద ఉండి, విప్పాక మెత్తటి గుడ్డతో తుడుచుకునే ముత్యమే ఎక్కువకాలం నిగనిగలాడుతుంది.

ఇంత ఖరీదైనది ఊళ్లలోకి రాలేదు గానీ మాటగా మాత్రం వచ్చింది. భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. తానీషా మొదలుపెట్టాడని చెప్పే ఈ ఆనవాయితీని నిజాములు, తర్వాత వచ్చిన ప్రభుత్వాలు కూడా నడిపాయి. మన పెళ్లిళ్లలో తలంబ్రాలంటే పసుపు కలిపిన బియ్యమే. చక్కగా రాస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, తెల్లగా పుడితే ముత్యంలాంటి పిల్ల. నల్లగా పుట్టినదాన్ని ఆ మాట అనరు, ముత్యం నల్లటి మెడ మీదే బాగా కనబడుతుందని తెలిసినా సరే. ఇంకోవైపు ముత్యాలమ్మ ఉంది. మసూచి వచ్చిన ఒంటిమీద లేచే పొక్కులను ముత్యాలన్నారు. అమ్మ పోసిన ముత్యాలు. వాటి నుంచి బతికి బయటపడ్డవాళ్లు, ఆ తల్లికి మొక్కుకున్నవాళ్లు పిల్లలకు ముత్యాలు, ముత్యాలమ్మ అని పేర్లు పెట్టారు. కూలిజనం ముత్యాన్ని మెడలో కాదు, చర్మం మీద మోశారు. 1970లలో మసూచి మన దేశంలో లేకుండా పోయింది. పేర్లు మిగిలాయి.

మెడలోకి వచ్చిన ముత్యం ఒక్కటే ఒకటి, తాళిలో. తాళిబొట్ల పక్కన నల్లపూసలతో పాటు ఒక పగడం, ఒక ముత్యం కూర్చడం మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది. అక్కడ ముత్యం నగ కాదు, పెళ్లి గుర్తులో భాగం. భర్త పోతే దానితో పాటే దిగిపోవాలి.

ఈ కథ తిరగబడింది జపానులో. నూడుల్స్ అమ్ముకునే ఇంట్లో పుట్టిన మికిమొతో కొకిచి 1893లో ఆల్చిప్పలో అరముత్యాన్ని పెంచి చూపించాడు. ఆ కష్టంలో పాలుపంచుకున్న అతని భార్య ఉమె 1896లో చనిపోయింది. గుండ్రటి ముత్యాలు బజారుకు రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఆల్చిప్పల కోసం సముద్రంలో మునిగింది అమాలు, అంటే ఊపిరి బిగబట్టి మునిగే ఆడవాళ్లు. సిలిండరు లేదు, గొట్టం లేదు. ముత్యాల రాజు అన్న బిరుదు మాత్రం మికిమొతోకి దక్కింది.

పెంచిన ముత్యం వచ్చేసరికి దొరికిన ముత్యం ధర కూలింది. ఎంతగా అంటే, 1917లో న్యూయార్కు ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవంతిని కార్టియే కంపెనీ రెండు పేటల ముత్యాల హారం ఇచ్చి సొంతం చేసుకుంది. ఆ హారం విలువ అప్పుడు పది లక్షల డాలర్లు. 1957లో దాన్ని వేలం వేస్తే ఒకటిన్నర లక్షల డాలర్ల చిల్లర వచ్చింది. భవంతి ఇప్పటికీ కార్టియే దుకాణమే. ఇంకోవైపు గల్ఫ్‌లో, అప్పుల్లో మునిగి, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ సముద్రంలో మునిగే గజ ఈతగాళ్ల బతుకు 1930లలో ఒక్కసారిగా ఆగిపోయింది. ఆర్థికమాంద్యం ఒక దెబ్బ, జపాను ముత్యం ఇంకో దెబ్బ. 1932లో బహ్రెయిన్‌లో, 1938లో కువైట్‌లో చమురు పడింది. ఆ చమురు డబ్బు కట్టిన ఇళ్లల్లోకే తర్వాత కడప, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి మన ఆడవాళ్లు పాచిపనికి వెళ్లారు, వెళ్తున్నారు. వాళ్లు తెచ్చుకునేది బంగారమే. అది ఇక్కడ మళ్లీ కుదువకు పోతుంది.

విలువ పడిపోయాకే ముత్యం ఆడవాళ్లకు అందింది. 1920లలో పారిస్‌లో కోకో షానెల్, అంతకు ముందు మగవాళ్ల లోపలి బట్టలకు వాడిన జెర్సీ గుడ్డతో గౌన్లు కుట్టి, వాటి మీద నడుం దాకా వేలాడే ముత్యాల వరసలు వేసుకుంది. అసలువీ నకిలీవీ కలిపేసి. ఆమె రాజకీయాలు నాకు పడవు. నాజీ ఆక్రమణలో జర్మను అధికారితో కాపురం చేసిన మనిషి. అయినా, ఎవరు కొనిపెట్టారు, ఎంతకు కొన్నారు అన్న ప్రశ్నను నగ నుంచి విడదీసిన పని మాత్రం చిన్నది కాదు. పగలు, పని మీద వెళ్లేటప్పుడు, ఉత్తినే వేసుకోవచ్చని చూపించింది. ఇది వందేళ్ల తర్వాత ఇంకో రూపంలో వచ్చింది. 1908లో అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫా సంఘానికి ముత్యాలు గుర్తు. ఆ సంఘం సభ్యురాలైన కమలా హారిస్ 2020 ఎన్నికల్లో ముత్యాల గొలుసు, కాళ్లకు కాన్వాసు బూట్లతో తిరిగింది. 2021 జనవరి 20న ఆమె ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసిన రోజు ఎంతోమంది ఆడవాళ్లు ముత్యాలు వేసుకున్నారు.

మన దగ్గరకు ఆ చవకదనం చైనా మంచినీటి ముత్యంతో వచ్చింది. సముద్రపు ఆల్చిప్పలో ఒకటో రెండో పెరిగితే, అక్కడి చెరువుల్లో ఒక్కో చిప్పలో ముప్ఫయ్యో నలభయ్యో పెరుగుతాయి. మొదట బియ్యపు గింజల్లా ఉండేవి, 1990ల నుంచి గుండ్రటివీ కుప్పలుగా దిగాయి. హైదరాబాదు పత్తర్‌గట్టీ కొట్లలో ఇప్పుడు హైదరాబాదు ముత్యం అని అమ్మేది చాలావరకు ఇదే. హైదరాబాదులో ముత్యం పుట్టదు, తొలుస్తారు, ఏరుతారు, గుచ్చుతారు. నిజాముల కాలం నుంచి ఆ చేతిపని ఉంది కాబట్టి పేరు వచ్చింది. తొలిచే చేతుల పేరు మాత్రం ఏ పెట్టె మీదా ఉండదు.

మా చిన్నత్త అక్కడే కొనుక్కుంది. ఆమె బడిపంతులమ్మ. మామ పోయినప్పుడు తాళి తీశారు, అందులో ఉన్న ముత్యమూ పగడమూ కూడా పోయాయి. బంగారం గొలుసు వేసుకుంటే "ఎవరి కోసం" అంటారు, వేసుకోకపోతే "బోసిమెడ" అంటారు. కొన్నేళ్లకు ఏదో ట్రైనింగుకని హైదరాబాదు వెళ్లి తన జీతంతో రెండు పేటల ముత్యాల దండ తెచ్చుకుంది. నేత చీర, చేతికి వాచీ, మెడలో దండ. బస్టాండులో ఒకామె ఆపి అడిగింది: "ఏమ్మే, ముత్యాలేసుకోనుండావే, యాడికి, పెండ్లికా?" "బడికి పోతా ఉండాను అక్కా" అంది అత్త. అంతే. వద్దనడానికి ఎదుటామెకు మాట దొరకలేదు. పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు, తాళి: ముత్తైదువకు చెప్పిన ఐదింట్లో ముత్యాల దండ లేదు. ఐదింట్లో లేనిదాన్ని తియ్యమని ఏ పెద్దమనిషీ అనలేడు. శాసనం రాసినవాళ్లు మరిచిపోయిన చోటు అది. అత్త అక్కడ కాలు పెట్టి నిలబడింది.

అయితే పత్రికల్లో వచ్చే "సింపుల్‌గా ఒక్క ముత్యాల వరస, జీన్స్ మీదకి" అనే సలహాలు చదివితే నాకు చిరాకు. సింపుల్‌గా ఉండటం ఇంట్లో కిలో బంగారం ఉన్నామెకు అభిరుచి, లేనామెకు లేమి. కుప్పం నుంచి తెల్లారుజామున రైలెక్కి బెంగుళూరు గార్మెంటు ఫ్యాక్టరీలకు పోయే అమ్మాయిల మెడల్లోనూ ముత్యాలుంటాయి, ప్లాస్టిక్‌వి. బంగారం వేసుకుంటే దొంగ లాక్కుపోతాడనో, అసలు బంగారం మిగల్లేదనో. వాటిని అమ్మేది పూసలామె, సూదులు, పిన్నులు, నల్లపూసలతో పాటు. ఆ అమ్మాయిలకు ఎవరూ శైలి గురించి రాయలేదు. టీషర్టు మీదో నైలాన్ చున్నీ మీదో వాళ్లు వేసుకున్న తీరు షానెల్‌కి ఏమాత్రం తీసిపోదు. అసలు నకిలీ తేల్చుకోవాలంటే పళ్లకు రాసి చూడాలి. అసలుది ఇసుకలా గరగరమంటుంది, ప్లాస్టిక్‌ది జారిపోతుంది.

అత్త దండ ఇప్పుడు ఆమె కూతురి దగ్గర ఉంది. బెంగుళూరులో ఉద్యోగం, చొక్కా కాలరు కింద వేసుకుని పోతుంది. నడుమ ఆ పిల్లకు పెళ్లయి, గొలుసు ఒకటి కుదువకు పోయి వచ్చింది, గాజులు ఇంకా రాలేదు. దండను ఎవరూ అడగలేదు. ముత్యాలు గుచ్చేది పట్టుదారంతో. మంచి దండకు ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తారు, తెగినా ఒకటే రాలుతుంది. అత్తది ముడుల్లేని చవకరకం. పోయిన ఏడాది రైలు దిగుతుంటే తెగి ప్లాట్‌ఫారం మీద దొర్లాయి. కూడా దిగిన ఆడవాళ్లంతా వంగి ఏరి ఇచ్చారు. ఏడు దొరకలేదు. ఆ పిల్ల పూసలామె దగ్గర ఏడు కొని మధ్యలో కలిపి మళ్లీ గుచ్చించుకుంది. ఏవి ఏవో కనుక్కోమని నా చేతికిచ్చింది. పళ్లకు రాయకుండా చెప్పలేకపోయాను.