ఉద్వాసన చెప్పే ఇంగ్లీషు

పూజ ముగిశాక మనం దేవుడికి ఉద్వాసన చెబుతాం. ఉద్యోగం ఊడినవాడికీ అదే మాట వాడతాం. అంటే గెంటివేతను మెత్తని మాటతో కప్పడం ఇంగ్లీషువాళ్ళు ఒక్కరే నేర్చిన విద్య కాదన్నమాట! కాకపోతే వాళ్ళ మాటలు మన చేతికి కాగితం మీద వస్తాయి. వాటి వెనక డబ్బు లెక్క ఉంటుంది.

పాత మాట 'శాక్'. పనివాడు పనిముట్లు సంచిలో తెచ్చుకునేవాడనీ, ఆ సంచి చేతికిచ్చారంటే ఇక వెళ్ళమనేననీ చెబుతారు. ఇందులో దాపరికం లేదు. 'రిట్రెంచ్‌మెంట్' అలా కాదు. దాని ఫ్రెంచి మూలానికి కోసివేయడమని అర్థం. ముందు ఖర్చులకు వాడి, తరవాత మనుషులకు వాడారు. 1965లో బ్రిటన్ చట్టానికెక్కించిన 'రిడండెన్సీ'కి లాటిన్ మూలం పొంగి పొర్లడం. పొంగిన పాలు పొయ్యిపాలే కదా! 'డౌన్‌సైజింగ్' 1970లలో అమెరికాలో పెద్ద కార్లను చిన్నవి చేయడానికి పుట్టింది. 1980లలో కార్ల మీదినుంచి కార్మికుల మీదికి దిగింది.

మన 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 'లే-ఆఫ్', 'రిట్రెంచ్‌మెంట్' 1953లో చేరాయి. రెండూ ఒకటేననుకునేవారు చాలామంది. కాదండీ. బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక పని చూపలేకపోతే లే-ఆఫ్. ఉద్యోగం ఉంటుంది, మూలవేతనం, కరువుభత్యంలో సగం వస్తుంది. రిట్రెంచ్‌మెంట్ అయితే ఉద్యోగమే పోతుంది. ఏడాది నిండిన పనివాడికి నెల నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. 'వాలంటరీ రిటైర్‌మెంట్' మాత్రం ఈ నిర్వచనంలోకి రాదు. 2025 నవంబరులో ఆ చట్టం పోయి కొత్త కోడ్ అమలులోకి వచ్చింది. ఈ తేడా మాత్రం పోలేదు.

1991 తరవాత ఈ వాలంటరీకే 'గోల్డెన్ హ్యాండ్‌షేక్' అని ముద్దుపేరు వచ్చింది. బంగారు కరచాలనం! 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూతపడిన కోలారువాళ్ళకు ఆ పేరు చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒకసారి మా విద్యార్థి తండ్రి ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన కాగితం తెచ్చి, "వాలంటరీ అంటే ఏమి సార్?" అని అడిగాడు.

"మీ ఇష్టంతో అని."

"నా ఇష్టం ఎవరడిగినారు సార్?"

కాగితం తిప్పి చూశాను. అడుగున అతని సంతకం ఉంది.