హెడ్‌రూమ్, స్పీకరు అవరోధము

ఆంప్లిఫయరు సగటున ఈయుచున్న శక్తికిని, తరంగరూపము చెడకుండ ఈయగల గరిష్ఠశక్తికిని నడుమ మిగిలియుండు అవకాశము హెడ్‌రూమ్ అనబడును. ప్రత్యావర్తన విద్యుత్తునకు స్పీకరు ఒడ్డు అడ్డంకి అవరోధము. దానిని ఓములలో కొలుతురు. ఇవి వేర్వేరు విషయములుగ తోచినను, ఇచ్ఛాపురము మండలమున కడలియొడ్డునున్న డొంకూరు వంటి పల్లెలో అమ్మవారి సంబరమునకు మైకుసెట్టు కట్టువానికి ఒక్క చిక్కుగనే ఎదురగును.

తప్పెటగుళ్ళ ఆటను తలచుకొందము. పాట సగటున 10 వాట్లతో సాగుచుండగా, రొమ్మున కట్టిన తప్పెటపై పడు దెబ్బ క్షణకాలము 10 డెసిబెళ్ళ హెచ్చుతో, అనగా పదిరెట్లుగ, 100 వాట్లు కోరవచ్చును. 100 వాట్ల ఆంప్లిఫయరు ఆ దెబ్బను యథాతథముగ వినిపించును. జనము వినబడలేదని కేకవేయగా సగటును 20 వాట్లకు పెంచితిమా, చెవికి తోచు హెచ్చు స్వల్పమే గాని, దెబ్బ శిఖరము తెగి ధ్వని గరగరలాడును. అట్లు తెగిన తరంగము చతురస్రాకృతికి చేరువై, అంతే శిఖరముగల శుద్ధతరంగముకంటె రెండింతలవరకు శక్తిని మోయును గనుక, చిన్న ఆంప్లిఫయరును మితిమీరి వాడినపుడు సయితము ట్వీటర్లు (హెచ్చుస్వరములు పలుకు చిన్న స్పీకర్లు) మాడిపోవుట కలదు.

ఇక అవరోధము సంగతి: 8 ఓముల స్పీకరు 100 వాట్లకు 3.5 ఆంపియర్లు తీసికొనును. అట్టివి రెండు సమాంతరముగ కలిపిన 4 ఓములై, అదే వోల్టేజివద్ద 7 ఆంపియర్లు లాగును. పెట్టెవెనుక ముద్రించిన 8 అను అంకె నామమాత్రమే. అనునాదస్థానమున అవరోధము పలురెట్లగును. మీటరు 6 ఓములు చూపినదని స్పీకరును శంకింపనక్కరలేదు, అది చూపునది తీగచుట్ట నిరోధమును మాత్రమే.

తీగ సంగతి ఇంతకంటె ముఖ్యము. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను 100 మీటర్ల దూరము లాగినచో, రాకపోకలకు కలిపి 2.4 ఓముల నిరోధ మేర్పడును. 4 ఓముల స్పీకరునకు పోవు శక్తిలో మూడవవంతునకు పైగా తీగలోనే వేడియైపోవును. కొబ్బరిచెట్లకు కట్టు హారన్లకు లైను ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 100 వోల్టుల లైనుపై నడుపుట ఇందుకే: 100 వాట్ల భారము అచట 100 ఓములుగ కనబడుటచే నష్టము నూటికి రెండుపాళ్ళను కొంచెము మించును.

సరఫరా వోల్టేజి తగ్గినను హెడ్‌రూమ్ తగ్గును: విద్యుత్తు లైను చివరనున్న ఊళ్ళలో, సంబరపు దీపములన్నియు వెలిగిన రాత్రి 230 వోల్టులు 180కి దిగినచో, వోల్టేజిని స్థిరపరచు ఏర్పాటు లేని 100 వాట్ల ఆంప్లిఫయరు 60 వాట్లకే తెగసాగును.