భద్రగిరి యెడమగట్టు

భద్రాచలమునకు రైలుమీద బోదలచిన క్రొత్తవారికి మొదట నొక యాశ్చర్యము కలుగును. భద్రాచలం రోడ్ అను పేరుగల స్టేషను కొత్తగూడెములో నున్నది. అచ్చటినుండి స్వామి సన్నిధికి ఇంకను 40 కిలోమీటర్ల త్రోవ కలదు. మేము పాల్వంచ మీదుగా బస్సులో బోయి సారపాకయొద్ద వంతెన నెక్కితిమి. ఈ వంతెన 1965లో తెఱవబడినది. అంతకు పూర్వము యాత్రికులు పడవలలో దాటెడివారు. వంతెన నడుమనుండి చూచినచో నదియు, ఆవలిగట్టున భద్రగిరియు, దానిపై గోపురమును ఒక్క చూపులో గోచరించును. ఆలయమును వర్ణించి చదువరులకు విసుగు కలిగింపము. రామదాసు కథ వినని తెలుగిల్లు లేదు. ఆ కథలో వినబడని సంగతులే మా మనస్సును లాగినవి.

నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, వసూలైన సొమ్ముతో ఆలయము గట్టించి చెఱపాలయ్యెనని ప్రసిద్ధి. తానాషా యేలినది 1672 మొదలు 1687 వఱకు. ఆ 15 ఏండ్లలో 12 ఏండ్లు గోపన్న చెఱలోనే యుండెనని జనశ్రుతి. ఆలయనిర్మాణమునకును విచారణకును మిగిలిన కాలమెంతయో చదువరులే లెక్కించుకొందురు గాక; భక్తులు మాపై నలుగవలదు. నగలను వరుసగా బేర్కొని, వాని వెలలు చెప్పి, స్వామినే నిలదీసిన కీర్తన యొకటి కలదు. అది వినునపుడు కన్నులు చెమర్చును, నిజమే. కాని యా వరహాలు ఎవరివి? ఈ పరగణాలో దున్నుకొని శిస్తు గట్టిన రైతులవి. సుల్తాను కోపమును గోపన్న బాధయు లోకము తలచినది. ఆ రైతులలో నొక్కని పేరును కథలో లేదు. అడవి పక్షమున మిగిలిన పేరు ఒక్కటే. పుట్టలోని విగ్రహములను మొదట గనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్కయను కోయస్త్రీ యని స్థలపురాణము.

మఱునాడు పర్ణశాలకు బయలుదేరితిమి. దూరము సుమారు 35 కిలోమీటర్లు. ఊరు దాటినంతనే ఎటపాకవద్ద తెలంగాణము ముగిసి ఆంధ్రప్రదేశ మారంభమగును. మఱికొంత దూరము పోగా మరల తెలంగాణమే వచ్చును. స్వామి కోవెలనుండి ఆయన కుటీరమునకు బోవుటకు వేఱొక రాష్ట్రమును దాటవలసివచ్చుట వింతగా దోచి, ఈ గీటు ఎట్లు పడెనని విచారించితిమి.

ఇది మొదటి గీటు కాదని తేలినది. 1860 వఱకు ఈ యెడమగట్టు నైజాము రాజ్యములోనిది. ఆ యేటి సంధిలో నైజాము గోదావరి యెడమగట్టు భూములను ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. కారణము నది. ధవళేశ్వరము ఆనకట్ట గట్టిన ఆర్థర్ కాటన్ దొర, నడుమ దేశపు ప్రత్తిని గోదావరిమీదుగా పడవలలో సముద్రమునకు దింపవచ్చునని తలపోసెను. నదిలో మూడుచోట్ల బండలు అడ్డుపడుచుండగా, మొదటి యడ్డు దుమ్ముగూడెమువద్దిది. అచ్చట ఆనకట్టయు కాలువయు ద్రవ్యము పోసి కట్టిరి. వ్యయము పెరుగగా 1871లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. తలచిన పడవవర్తకము సాగలేదు. గీటు మాత్రము నిలిచెను. కొంతకాలము మధ్యరాష్ట్రములలో నుండి, ఈ ప్రాంతము 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. దొర మాఱిన పన్నును మాఱును గదా! రేకపల్లి కొండలలో పోడు పన్ను హెచ్చెను. కొన్ని యడవులలో పోడు కొట్టుటయే కూడదనిరి. 1879లో రంపలో కల్లుపన్ను మొదలగు బాధలచే రేగిన పితూరి రేకపల్లికిని ప్రాకెను.

1959లో భద్రాచలము తాలూకాను ఖమ్మము జిల్లాలో జేర్చిరి. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినపుడు, పోలవరము జలాశయమునకై ఏడు మండలముల భూమి ఆంధ్రప్రదేశమునకు బోయెను. భద్రాచలము ఊరు మాత్రము ఇటు నిలిచెను. పురుషోత్తపట్నములోని స్వామివారి మాన్యములు అటు పోయినవి. 1860లోను నదికొఱకే, 2014లోను నదికొఱకే. రెండు మాఱులును అడవివారి సమ్మతి గైకొన్నట్లు మాకు గానరాలేదు.

పర్ణశాలలో సీతమ్మ చీర ఆరవేసిన గుర్తులని బండలపై చారలు చూపుదురు. పంచవటి నాసికమందని వాదించువారు అచ్చట వాదింపకుండుటే మేలు. వాగు చల్లగా నున్నది. అంతకన్న రమ్యమైనది కూనవరము. శబరి గోదావరిలో గలియు తావది. అటుపైన పాపికొండల నడుమ నది యిఱుకై, రెండుప్రక్కల వెదురుపొదలును కొండరెడ్ల గుడిసెలును నీడలు పఱచుచుండును. ఆ నీడలను చూచి మేము మాటలు మానితిమి. జలాశయము నిండుమట్టము 150 అడుగులు. లక్షకు పైగా కుటుంబములు ఊళ్లు విడువవలసినవని సర్కారు లెక్క. వారిలో కోయలును కొండరెడ్లును పెక్కుమంది. భద్రాచలమువారికి వేఱొక భయము. ఇచ్చట 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులెక్కెను, 2022 జూలైలో 71.3. దిగువ నీరు నిలిచినచో ఎగువ నెంత యెక్కునో యని గట్టున నిలిచి జనులు చెప్పుకొనుచుందురు.

తిరిగివచ్చునపుడు ఎటపాకయొద్ద ఇప్పపువ్వు గంపతో నొక కోయవృద్ధ మా బస్సెక్కెను. "ఏ ఊరు అవ్వా?" అని యడిగితిమి.

"ఈ అడవి అవతల, బాబూ. సంత ఆ పక్క, మండలాఫీసు ఈ పక్క. కాగితం కావాలంటే ఒక దినం, ఉప్పు కావాలంటే ఒక దినం" అనెను.

కోవెల కనబడగానే ఆమె గంప ఒడిలో నుంచుకొని రెండుచేతులు జోడించెను. తరువాత సంతదగ్గఱ దిగిపోయెను.