ఆఫ్రికాలో ముసర వ్యాధి నిర్మూలన

తీవ్రమైన జ్వరంతో మొదలై, నోటిలో పుండ్లు, ఆగని పారుడు కలిగించి, వారం పది రోజులలో పశువు ప్రాణం తీసే ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, 1880ల చివర ఎర్రసముద్ర తీరం మీదుగా ఆఫ్రికాలో ప్రబలింది. ఇటలీ సేనల కోసం ఓడలలో దింపిన పశువులతో, బహుశా భారతదేశపు మందలతోనే, అది వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇథియోపియాలో దుక్కిటెద్దులు నశించి పొలాలు బీడుపడగా 1888-92 నాటి ఘోర క్షామం ముదిరింది. 1896లో వ్యాధి జాంబెజీ నదిని దాటి దక్షిణానికి పాకినప్పుడు వలస ప్రభుత్వాలకు తోచిన మార్గం కంచెలు వేయడం, మందలను కాల్చి చంపడం.

దేశాల మధ్య సహకారానికి తొలి ప్రేరణ మాత్రం ఆఫ్రికా కష్టం నుంచి రాలేదు. భారతదేశం నుంచి బ్రెజిల్‌కు తరలుతున్న పశువుల వల్ల 1920లో బెల్జియంలో వ్యాధి పొడచూపిన తరువాతే, 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని నెలకొల్పాయి. ఆఫ్రికాకు ప్రత్యేకించిన సంస్థ 1951లో కెన్యాలోని ముగుగాలో వెలసింది. నేడు ఆఫ్రికా సమాఖ్య పశుసంపద విభాగంగా ఉన్నది అదే. ముగుగాలోనే పశువైద్య శాస్త్రవేత్త వాల్టర్ ప్లోరైట్ వైరస్‌ను దూడ మూత్రపిండ కణాలలో పదే పదే పెంచి దాని తీవ్రతను తగ్గించి, ఒక్క మోతాదుతో దీర్ఘకాల రక్షణనిచ్చే టీకాను రూపొందించాడు.

ఈ టీకా అండతో 1962లో చాద్ సరస్సు పరిసరాలలో మొదలైన 'ఉమ్మడి పథకం 15' క్రమంగా 22 దేశాలకు విస్తరించి, 1976లో ముగిసేనాటికి వ్యాధిని కొద్ది ప్రాంతాలకు పరిమితం చేసింది. అయితే గెలుపు చేతికందిందన్న భరోసాతో ప్రభుత్వాలు నిధులు తగ్గించాయి, ఏటా పుట్టే దూడలకు టీకాలు వేయించడం మరచాయి. మిగిలిన నిప్పురవ్వలే 1980ల తొలినాళ్లలో నైజీరియా దాకా దావానలమయ్యాయి. ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన పాఠం ఈ వైఫల్యమేనని చెప్పవచ్చు.

1986లో ఐరోపా దేశాల ఆర్థిక సహాయంతో ఆరంభమైన అఖిల ఆఫ్రికా ఉద్యమం వేసిన టీకాలను లెక్కించి ఊరుకోలేదు; పశువుల రక్తం పరీక్షించి రక్షణ నిజంగా కలిగిందో లేదో చూసింది. టీకాల నాణ్యతను స్వతంత్రంగా పరీక్షించే కేంద్రం ఇథియోపియాలోని డెబ్రెజైత్‌లో ఏర్పడింది. ఎడారి ఎండలోనూ శీతల పెట్టె లేకుండా కొన్ని వారాలు నిలిచే టీకా వచ్చాక, అఫార్ వంటి సంచార జాతులలోని కాపరులే శిక్షణ పొంది, ప్రభుత్వ వాహనాలు చేరలేని మందలకు తామే టీకాలు వేశారు. కాపరిని అనుమానించిన కాలం నుంచి అతనిపైనే ఆధారపడే కాలానికి పాలకులు చేరడానికి శతాబ్దం పట్టింది.

చివరి దశలో చేయవలసిన పని విచిత్రమైనది: టీకాలు ఆపివేయడం. టీకా పొందిన పశువు రక్తానికీ, వ్యాధి సోకి కోలుకున్న పశువు రక్తానికీ పరీక్షలో తేడా తెలియదు కనుక, టీకాలు మానితే తప్ప వ్యాధి లేదని రుజువు కాదు. సోమాలీ మేతభూములలో మందకొడి రూపంలో దాగిన వైరస్ చివరిగా 2001లో కెన్యాలోని మెరూ జాతీయ వనంలో అడవిదున్నలలో బయటపడింది. ఆపై పదేళ్ల నిఘాలో మరెక్కడా కనిపించకపోవడంతో, 2011లో పారిస్ కార్యాలయం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచం ముసర వ్యాధి నుంచి విముక్తమైందని ప్రకటించాయి.