అరగంట నుంచి బీన్‌బ్యాగ్ దాకా

ఇవాళ కొత్త ఆఫీసు కట్టేవాళ్లు బ్రేక్‌రూమ్ అనగానే గోడల రంగులు, మొక్కల కుండీలు, కాఫీ మెషీన్ సంగతి ఎత్తుకుంటారు. నూట నలభై ఏళ్ల కిందట బొంబాయి మిల్లు కార్మికుడు వీటిలో ఏదీ అడగలేదు. అరగంట అడిగాడు, అంతే. 1884లో కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టి సర్కారుకు పంపిన విన్నపంలో వారానికో సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం ముఖ్యమైన కోరికలు. 1891 ఫ్యాక్టరీ చట్టంలో ఆ రెండూ చోటు చేసుకున్నాయి. కూర్చోవడానికి గది సంగతి చట్టానికెక్కడానికి మరో అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

ఆ అరగంట కూడా పేరుకే. 1918లో మద్రాసు పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల గోడు అదే. కూత పడ్డాక బయటికొచ్చి, చేతులు కడుక్కుని, గిన్నె విప్పి నాలుగు ముద్దలు మింగేలోగా మళ్లీ కూత. వాళ్ల మేలు కోరిన సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు ఈ బాధను హోంరూల్ ఉద్యమ నాయకుడు బి.పి. వాడియా చెవిన వేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. అది మొదట్లో సాధించిన వాటిలో ఒకటి, ముప్పై నిమిషాల విరామాన్ని నలభై చేయించడం. పది నిమిషాలేగా అనిపిస్తుంది. పరుగున తిని పరుగున వెళ్లిన వాడికే వాటి విలువ తెలుస్తుంది.

టీ విరామం కథ వేరు. దాని వెనక ఉన్నది కార్మికుడి మీద ప్రేమ కాదు, అమ్ముడుపోవాల్సిన టీ ఆకు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టీ ప్రచారకులు ఫ్యాక్టరీల్లో, బొగ్గుగనుల్లో, నూలు మిల్లుల్లో టీ దుకాణాలు పెట్టించి, పని మధ్యలో ఓ కప్పు తాగించడం మీకే లాభమని యజమానులను ఒప్పించారు. ఉద్దేశం ఏదైతేనేం, కార్మికుడికి నిలబడి ఊపిరి పీల్చుకునే ఓ మూల దొరికింది.

విరామం ఎలా ఉండాలో అమెరికాలో కొలిచి చూశారు. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ కర్మాగారంలో 1927 నుంచి ఐదుగురు అమ్మాయిలను విడిగా ఓ గదిలో కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు బిగించమన్నారు. ముందు రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాల విరామం ఇచ్చారు. తర్వాత దాన్ని పదేసి నిమిషాలు చేశారు. ఆ తర్వాత ఆరుసార్లు ఐదేసి నిమిషాలిస్తే మాత్రం, చేతి ఊపు తెగిపోతోందని అమ్మాయిలు విసుక్కున్నారు. చివరికి ఉదయం పావుగంట, దాంతో పాటు కంపెనీ పెట్టే ఫలహారం, మధ్యాహ్నం పది నిమిషాలు ఇస్తే బాగుందన్నారు. ఈ ప్రయోగం నుంచి ఏం తేలిందన్న దానిపై పండితులు ఇప్పటికీ తన్నుకుంటూనే ఉన్నారు. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. ఎవరి విరామమో వాళ్లనే అడిగారు.

మన దగ్గర గది చట్టానికెక్కింది 1948 ఫ్యాక్టరీల చట్టంతో. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని అది చెప్పింది. 150 మంది దాటితే విశ్రాంతి గది, తాగునీటితో భోజనాల గది ఉండాలంది. 250 దాటితే క్యాంటీన్. భోజనాల గది ఉన్నచోట మిషన్ల మధ్య కూర్చుని ఎవరూ తినకూడదంది. దీనికింద రాష్ట్రాలు రాసుకున్న నియమాలు మరీ ముచ్చటగా ఉండేవి. విశ్రాంతి గది పన్నెండు అడుగుల ఎత్తుండాలి, గాలీ వెలుతురూ ఆడాలి. క్యాంటీన్ మరుగుదొడ్డికీ బాయిలరుకూ బొగ్గుకుప్పలకూ యాభై అడుగుల దూరంలో ఉండాలి. కూర్చునే బల్లలకు వీపు ఆనే పలక తప్పనిసరి. ఈ చివరిది రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఎనిమిది గంటలు నిలబడ్డవాడి నడుము గురించి ఆలోచించాడు. నేటి డిజైన్ పత్రికల్లో కనిపించే ఎత్తు స్టూళ్లకు ఆ పలక ఉండదు.

ఆ చట్టంలోనే ఎవరికీ పెద్దగా పట్టని మరో మాట ఉండేది. క్యాంటీన్ నడిపే కమిటీలో కార్మికుల ప్రతినిధులకూ చోటివ్వాలి. సాంబారు నీళ్లగా ఉందని, ఫ్యాన్ తిరగడం లేదని, రాత్రి షిఫ్టుకు టీ రావడం లేదని గట్టిగా అడిగే హక్కు అక్కణ్నుంచి వచ్చింది. కమిటీ చురుగ్గా ఉన్నచోట క్యాంటీన్ బతికింది. కాగితం మీదే మిగిలినచోట జనం టోకెన్లు జేబులో పెట్టుకుని గేటు బయటి బండి దగ్గరికి నడిచారు.

రైల్వేలది ఇంకో లోకం. డ్రైవర్లూ గార్డులూ సొంతూరికి దూరంగా దిగి సేదతీరే రన్నింగ్ రూములు విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో తరతరాలుగా ఉన్నాయి. మంచం, దోమతెర, తెచ్చుకున్న బియ్యం పప్పు వండిపెట్టే వంటవాడు, వేళకు వచ్చి లేపి కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకునే కాల్ బాయ్. ఇక్కడ అందం కన్నా చీకటి ముఖ్యం. రాత్రంతా బండి నడిపినవాడు పట్టపగలు పడుకోవాలి. కిటికీకి మందపు తెర, వరండాలో నిశ్శబ్దం, పక్క మంచం వాడి డ్యూటీ పిలుపు తనని లేపకుండా ఏర్పాటు. ఎవరి ఒళ్లు ఎందుకు అలిసిందో తెలిస్తేనే గది కుదురుతుంది.

బట్టల కొట్లలో ఆడపిల్లలకు గది మాట దేవుడెరుగు, స్టూలు కూడా దక్కలేదు. నిలబడి పనిచేసే వాళ్లకు అవకాశం దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీలకు 1948లోనే చెప్పారు. అదే మాట షాపులకు చెప్పడానికి కేరళకు 2018 దాకా పట్టింది. అది కూడా కోజికోడ్‌లో పి. విజి, ఆమె ‘పెణ్‌కూట్టు’ సంఘం ఏళ్ల తరబడి పోరాడాక. 2021లో తమిళనాడు ఆ దారి పట్టింది. చీర చూపించేటప్పుడు ఎటూ నిలబడాలి. గిరాకీ లేని రెండు గంటలూ నిలబెట్టడం వల్ల ఎవరికి లాభమో నాకిప్పటికీ అర్థం కాదు.

1998లో హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనం తెరిచాక తెలుగువాళ్ల ఆఫీసు రూపమే మారింది. పింగ్‌పాంగ్ బల్లలు, బీన్‌బ్యాగులు, ఉచిత కాఫీ వచ్చాయి. గదికి లోటు లేదు. కానీ కాల్ సెంటర్లలో బ్రేక్‌కి లేవాలంటే ముందు సిస్టంలో బ్రేక్ నొక్కాలి, నిమిషాలు స్క్రీన్ మీద పరుగెడుతుంటాయి, ఆలస్యం నెలాఖరు మార్కుల్లో తేలుతుంది. బీన్‌బ్యాగులో కూరుకుపోయినవాడు లేవడానికే అర నిమిషం. లోఖండే అడిగిన విరామమే మళ్లీ కరువైంది. పైగా గాజు గోడల గదిలో మేనేజరు కళ్లెదుట కాళ్లు చాపుకునే ధైర్యం ఎందరికి ఉంటుంది? అందుకే ఆ ఖరీదైన గదులు ఖాళీగా ఉంటాయి, గేటు బయటి టీకొట్టు కిటకిటలాడుతుంది.

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ క్యాంటీన్ హద్దును వంద మందికీ, విశ్రాంతి గది హద్దును యాభై మందికీ దించింది. ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు వేరుగా గది ఉండాలని కూడా రాసింది. మంచిదే. కానీ ఆ లెక్కంతా ఒక గేటు, ఒక హాజరు పట్టీ ఉన్న చోటికే పనికొస్తుంది. హోటళ్ల ముందు బైకు మీదే అడ్డంగా వాలి తర్వాతి ఆర్డర్ కోసం చూసే డెలివరీ కుర్రాళ్లది ఏ పట్టీ? చెన్నై నగర పాలక సంస్థ 2025లో వాళ్ల కోసం రోడ్డు పక్క ఏసీ గదులు తెరిచింది. కూర్చోవడానికి కుర్చీలు, మరుగుదొడ్డి, ఫోను చార్జింగు, కాసేపు ఎండ తగలని నీడ. ఏ కంపెనీ యజమానీ కట్టని ఆ గదికి ఊరే పూనుకుంది.